పెంచలయ్య వద్దన్న కాగితం

శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటుంటే, నబీసాబు మసీదు మెట్ల పక్కన నిలబడి కనబడిన ప్రతివాడి చేతులూ తన రెండు చేతుల్లోకి తీసుకుంటున్నాడు.

"నా వల్ల ఏమన్నా తప్పు జరిగుంటే మాఫ్ చెయ్యప్పా."

"అదేం మాట సాబూ, నువ్వు మాకేం చేసినావు? మాఫ్, మాఫ్."

దర్జీ అదే అన్నాడు. కోళ్ళ అంగడి అతనూ అదే అన్నాడు. ఒకడు సెల్‌ఫోను చెవి నుంచి తియ్యకుండానే తల ఊపి, చెయ్యి విడిపించుకొని వెళ్ళిపోయాడు. పావుగంటలో నలభై మందికి పైగా మాఫ్ చేశారు. ఏ తప్పుకో ఒక్కరూ అడగలేదు.

నబీసాబుకు అరవై తొమ్మిదేళ్ళు. గుండె సగానికి పైగా పనిచేయడం మానేసిందనీ, కోతకు తట్టుకునే ఒళ్ళు కాదనీ, మందులు వాడుకుంటూ ఇంటిపట్టున ఉండమనీ తిరుపతిలో డాక్టరు చెప్పి పన్నెండు రోజులైంది. ఆ పన్నెండు రోజుల్లో ఆయన ఇంటిపట్టున ఉన్నది తక్కువ. చచ్చాక చుట్టే కఫన్ గుడ్డ తెచ్చుకున్నాడు. కర్పూరం, అత్తరు విడివిడిగా పొట్లాలు కట్టించాడు. కబరస్తానుకు వెళ్ళి అమ్మ సమాధి పక్కన ఉన్న జాగా కాపలా మనిషికి చూపించి వచ్చాడు. వయసులో వదిలేసిన నమాజులను ఇప్పుడు కుర్చీలో కూర్చొని, పూటకు ఇన్నని, బాకీ తీర్చినట్టు, కజా చదువుకుంటున్నాడు.

"నువ్వు పొయ్యేది పెండ్లికా ఏంది, ఇంత తొందర?" అంది భార్య కాశింబి. దూదేకులోళ్ళు కాబట్టి ఇంట్లో మాట తెలుగే. ఆమె కోపం కూడా తెలుగులోనే వచ్చేది.

మెట్ల దగ్గర జనం పలచబడ్డాక ఇమాము బయటికి వచ్చాడు. ముప్పై దాటని మనిషి. అయినా అందరికీ ఆయన హజ్రతే.

"అందర్నీ అడిగారా నబీసాబ్?"

"అడిగినా హజ్రత్. చుట్టాల్ని, ఇరుగుపొరుగును, మసీదులో అందర్నీ."

"వీళ్ళను అడగడం సులువు. అడగడానికి కాళ్ళు రాని మనిషి ఒకరుంటారు ఎవరికైనా. వాళ్ళను అడిగారా?"

నబీసాబు టోపీ సర్దుకున్నాడు. "అట్లాంటోళ్ళు నాకెవురూ లేరు హజ్రత్."

"మంచిది. అల్లాకు మనం బాకీపడ్డ నమాజులు, రోజా ఉపవాసాలు ఆయన తలచుకుంటే వదిలేస్తాడు. మనిషికి చేసిన అన్యాయం మాత్రం ఆ మనిషే వదలాలి. లేకపోతే చచ్చినవాళ్ళంతా లేచి లెక్క చెప్పే ఖయామత్ రోజున మన నమాజులూ రోజాలూ తీసి వాళ్ళకే ఇచ్చేస్తారు."

"వాళ్ళు మనోళ్ళు కాకపోతే?"

అడిగాక నాలుక కరుచుకున్నాడు. హజ్రత్ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు.

"మనిషి ఎవరైనా మనిషే నబీసాబ్."

ఆ సాయంత్రం అసర్ నమాజులో ఆయనకు ఎన్నిసార్లు వంగి లేచాడో, రెండో రకాతో మూడో రకాతో గుర్తు లేకుండా పోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. బీరువాలో కఫన్ మూట తీసి, మడతలు విప్పి, తిరిగి మడిచి పెట్టాడు. కాశింబి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఐరాలకు పొద్దున్నే బస్సు ఎన్నింటికి?" అన్నాడు ఆమె వైపు తిరగకుండా.

"ఐరాలలో మనకెవురుండారు?"

ఆయన బీరువా మూసి, సరిగా పడలేదేమోనని మళ్ళీ తెరిచి మూశాడు.

*

శనివారం ఐరాలలో బస్సు దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. తోతాపురి కాయలతో ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. బస్సులు ఆగేచోట టీ అంగడి అలాగే ఉంది. రేకులు మాత్రం కొత్తవి. నబీసాబు బెంచీ మీద కూర్చొని ఊపిరి కుదుటపడేదాకా ఆగాడు.

అంగడి నడిపే మునిరత్నం టీ గ్లాసు తెచ్చి పెట్టాడు. "ఏ ఊరు సాయిబూ?"

"చిత్తూరు. ఆ వంకకు అవతల పల్లెలో పెంచలయ్యని ఉండాల."

"యే పెంచలయ్య? కోర్టు కాగితం ఒద్దన్న పెంచలయ్యా?"

నబీసాబు గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

"ఆయప్పే. ఉండాడా?"

"పొయ్యి ఎనిమిదేండ్లయిందే! పాపం అనాల్నో, పొగరనాల్నో. దాయాది దావా వేసినాడు. కోర్టు బంట్రోతు ఇంటికాడికే సమను తెచ్చి, సదివి వినిపించి, తీసుకో అంటే, నాకొద్దు పో అన్నాడంట. ఇంకేముండాది? ఎవురూ రాలేదని ఒకపక్కే తీర్పు ఇచ్చేసినారు. రెండున్నరెకరా, బాయి, అన్నీ పాయ. అదో, ఆ ట్రాక్టరు వస్తాండేది ఆ తోటలోనించే."

"ఆయప్ప ఏమనేవాడు?"

"ఏమంటాడు! నాకాడికి ఎవురూ రాలేదు, నేను యే కాగితమూ సూడలేదు అని, నువ్వు కూసున్న ఈ బెంచీ మీదనే కూసోని వచ్చేవానికీ పొయ్యేవానికీ చెప్పేవాడు. ఎవురు నమ్ముతారు? కోర్టోళ్ళ కాగితంలో రాసుండాది కదా. కట్టుకున్న పెండ్లామే నమ్మలేదు." మునిరత్నం పొయ్యి మీద పాలు కలియబెట్టాడు. "ఆ తిరుమలమ్మ కొడుకుతో తిరుచానూరుకు పొయింది. గుడికాడ పూలు కట్టుకుంటా ఉండాదంట."

నబీసాబు టీ తాగలేదు. ఆ రాత రాసింది ఆయనే. ఈ బెంచీకి పదడుగుల దూరంలో, పాత రేకుల చూరు కింద.

ఇరవై రెండేళ్ళ కిందట, రంజాను నెలలో ఒక నవంబరు రోజు. పొద్దుటి నుంచీ వాన. కోర్టు బంట్రోతుగా సమన్లు పంచే పని ఆయనది. సంచిలో చివరి సమను పెంచలయ్యది. వంక దాటి మూడు మైళ్ళు నడవాలి, మళ్ళీ మూడు మైళ్ళు రావాలి. గొంతు ఎండిపోయి ఉంది. నాలుగున్నర బస్సు తప్పితే రోజా విప్పే వేళకు ఇల్లు చేరలేడు. బస్సు వస్తున్న చప్పుడు వినబడుతుంటే, మోకాలి మీద కాగితం పెట్టుకొని రాశాడు. 'ప్రతివాది పెంచలయ్య ఇంటి వద్ద స్వయముగా ఉండి, చదివి వినిపించగా, తీసుకొనుటకు నిరాకరించినాడు.' సాక్షి పేరు ఒకటి పుట్టించి సంతకం గీశాడు. మరునాడు అది నిజమని ప్రమాణం చేశాడు. కొన్ని నెలల తర్వాత తీర్పు సంగతి తెలిసింది. వకీలును పెట్టుకొని వాళ్ళే తిరగదోడుకుంటారులే అనుకొని ఊరుకున్నాడు. అన్నేళ్ళూ అలా అనుకుంటూనే వచ్చాడు.

ఉపవాసంతో ఉన్న నోటితో చేసిన ప్రమాణం అది.

చిత్తూరు బస్సు వచ్చి ఆగింది. పెంచలయ్యే లేడు. లేని మనిషి దగ్గరికి ఎవరు పోగలరు? సంగతి తెలిసినవాడు తానొక్కడే. ఇంకొన్నాళ్ళకు తానూ ఉండడు. ఆయన బస్సెక్కాడు.

ఇంటికి చేరాక కాళ్ళు కడుక్కోకుండానే కాశింబిని కూర్చోబెట్టి, చెప్పకుండా ఉండలేక చెప్పేశాడు. ఆమె బియ్యం చేట ఒళ్ళో పెట్టుకొని విన్నది. రాళ్ళు ఏరడం ఆపలేదు.

"ఆ పొద్దు నేనేం వండినానో ఏమో," అంది చివరికి. "వానలో తడవకుండా ఇల్లు చేరినావని సంతోషపడే ఉంటా."

"ఆయప్ప సచ్చిపాయ కాశింబీ. ఎవుర్ని అడగాల ఇప్పుడు?"

"ఆయమ్మ ఉండాది కదా." చేటలో గింజలు ఒకసారి ఎగరేసింది. "రేప్పొద్దున పో. మందులు జేబులో పెట్టుకో. ఎండన పడి నడవొద్దు, ఆటో ఎక్కు."

*

ఆదివారం తిరుచానూరులో లాడ్జీల సందు కిటకిటలాడుతోంది. గుండు చేయించుకొని గంధం పూసుకున్న పిల్లలు, తడి చీరల ఆడవాళ్ళు, మినరల్ వాటరు అమ్మేవాళ్ళు. ఆ గుంపులో తెల్ల టోపీతో నడుస్తుంటే కొందరు తిరిగి చూశారు. టోపీ తీసి జేబులో పెట్టుకుందామా అనిపించింది. అబద్ధాలు ఇక చాలనుకొని అలాగే నడిచాడు.

ముగ్గుర్ని అడిగితే నాలుగో పూలగంప ఆమెదే. సన్నటి మనిషి, అరవై దాటింది. తడి గోనెపట్టా మీద కనకాంబరాలు, మల్లెలు, మరువం కుప్పలు పోసుకొని అరటినారతో కడుతోంది. కళ్ళు దారిన పోయేవాళ్ళ మీద ఉన్నాయి. వేళ్ళు వాటంతట అవే రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి ముడి బిగిస్తున్నాయి.

"పూలు కావాల్నా సామీ?" అని, టోపీ చూసి, "ఏం కావాలన్నా?" అంది.

"తిరుమలమ్మ నువ్వేనా మ్మా?"

"నేనే."

ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. గొంతుక్కూర్చోవడం చేతకాక పక్కకు ఒరిగి చెయ్యి ఆనించుకున్నాడు. బస్సులో నాలుగు రకాలుగా మనసులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"నేను కోర్టు బంట్రోతునమ్మా. మీ ఇంటాయనకు సమను తేవాల్సినోణ్ణి నేనే. తేలేదు. వంక దాటి మీ పల్లెకే రాలేదు. ఐరాలలో నిలబడి, ఒద్దన్నాడని నేనే రాసేసినా."

ఆమె వేళ్ళు ఆగలేదు. ఇంకో ముడి వేసింది. ఇంకొకటి.

"మా ఇంటి ముందర ఏం చెట్టుండేది?"

"ఏమ్మా?"

"మా ఇంటి ముందర. ఏం చెట్టుండేదో సెప్పు."

"నాకు తెలీదమ్మా. నేను మీ ఇల్లు సూడలేదు."

"మునగసెట్టు," అంది ఆమె. "దాన్ని దాటకుండా ఇంట్లోకి రాలేరు ఎవురూ." అప్పుడు ఆగాయి చేతులు. నార వేలికి చుట్టుకొనే ఉంది. "పగలంతా ఇంట్లోనే ఉన్నాడా పొద్దు. వాన కదా. గొర్రెపిల్లకు కాలిరిగితే కట్టు కట్టుకుంటా కూసోనున్నాడు. తర్వాత కోర్టు అమీనాలు వచ్చి ఇల్లూ నేలా ఖాళీ చెయ్యమన్నప్పుడు వకీలు నాకు సదివి వినిపించినాడు, నీ మొగుడు ఒద్దన్నాడమ్మా అని. సూడలేదే, నా సేతికి రాలేదే అని బిడ్డ తల మీద సెయ్యి పెట్టినాడు ఆయన. నేను ఆ సెయ్యి లాగి పడేసినా."

ఒక ఆడమనిషి వంగి, "మూర మల్లెలియ్యమ్మా" అంది. తిరుమలమ్మ మాల తీసి మోచేతి నుంచి వేలి కొసకు కొలిచింది. కొలిచినదాని మీద జానెడు ఎక్కువే తెంపి ఆకులో చుట్టి ఇచ్చింది.

"పదునాలుగేండ్లు," అంది. "ఆ పొద్దునించి సచ్చేదాకా ఆయనకు అన్నం తట్ట ముందర పెట్టి పక్కకు పొయ్యేదాన్ని. ఇంకొంచెం ఏస్తునా అని అడిగింది లేదు. పొయ్యేముందర ఆస్పత్రిలో, ఇప్పుడన్నా నమ్ముతావా అన్నాడు. ఇప్పుడెందుకయ్యా అవన్నీ, పండుకో అన్నాను."

నబీసాబు రెండు చేతులూ జోడించాడు. "నన్ను మాఫ్ చెయ్యి తల్లీ. నాకు ఎక్కువ దినాలు లేవు. మా దాంట్లో, అన్యాయం చేసినోడు అడగాల, పడినోళ్ళు వదలాల. అందుకని వచ్చినా."

"నువ్వు నన్ను అడిగితివి." ఆమె గొంతు పెరగలేదు. "నేను వదిలినానంటే నీకు సరిపాయ. లేసి పోతావు. నేనెవుర్ని అడగాల? సెప్పన్నా. ఆయన్ని నమ్మకుండా పంపించినాను కదా, నేను పొయ్యి ఎవుర్ని అడగాల?"

తాను బరువు దించుకోవడానికి వచ్చి, ఇన్నాళ్ళూ ఆమెకు లేని బరువును ఆమె ఒళ్ళో పెట్టానని నబీసాబుకు అప్పుడు తెలిసింది.

ఆటో ఒకటి వచ్చి పక్కన ఆగింది. నడిపేవాడు దిగి, కూలబడ్డ ముసలాయన్నూ తల్లి ముఖాన్నీ చూసి, "ఏందిమా?" అన్నాడు. ఆమె కొడుకు మునికుమార్.

"ఈయన సెప్పేది ఇను," అంది తిరుమలమ్మ. "మళ్ళీ సెప్పన్నా. మొదటి నించి."

నబీసాబు మళ్ళీ చెప్పాడు. మునికుమార్ పిడికిలి బిగిసింది. కొడతాడనే అనుకున్నాడు నబీసాబు, కొడితే బాగుండుననీ అనుకున్నాడు. కానీ వాడు తల్లి వైపు తిరిగాడు.

"నేను నాయన్ని కొట్టినాను మా. పది సదివేటప్పుడు. నేలంతా పోగొట్టినావని. నీకు సెప్పలేదు ఆయన."

తిరుమలమ్మ కనకాంబరాల కుప్పలోకి చెయ్యి పెట్టి అలాగే ఉంచింది. నబీసాబు వైపు తిరిగింది.

"రేపు ఐరాలకు రా అన్నా. నాకు సెప్పినట్టే ఆడ అందరికీ సెప్పు. వస్తావా?"

"వస్తానమ్మా."

"ఆ మాఫీ సంగతి మాత్రం నన్నడగొద్దు."

*

సోమవారం పది గంటలకు టీ అంగడి దగ్గర పదిహేనుమంది దాకా ఉన్నారు. కాయల లోడు ఎత్తి వచ్చిన కూలీలు, బస్సు కోసం చూస్తున్నవాళ్ళు, బెంచీ మీద పాత తలకాయలు నలుగురు. తిరుమలమ్మ ఆటోలోంచి దిగింది గానీ నీడలోకి రాలేదు. రోడ్డు పక్కనే నిలబడింది. చాలా ఏళ్ళకు చూసిన కొందరు పలకరించారు. ఆమె తల మాత్రం ఊపింది.

నబీసాబు చూరు గుంజను పట్టుకొని నిలబడ్డాడు.

"అప్పా, అందరూ ఒక్క మాట వినండి. నేను నబీసాబుని. కోర్టులో పనిచేసినోణ్ణి. పెంచలయ్య కోర్టు కాగితం ఒద్దనలేదు. ఆయప్పకు ఎవురూ ఇయ్యలేదు. నేను వానకు, ఆకలికి ఓర్సుకోలేక ఈడనే నిలబడి అబద్ధం రాసినా. ఆయప్ప ఈ బెంచీ మీద కూసోని మీకు సెప్పిందంతా నిజం."

పొయ్యి మీద పాలు పొంగి మంటలో పడ్డాయి. మునిరత్నం ఆలస్యంగా గిన్నె దించాడు.

"అట్లనా," అన్నాడు ఒక పెద్దాయన. "అయ్యో."

"నేను నవ్వేవాణ్ణప్పా ఆయన్ని సూసి," అన్నాడు మునిరత్నం గిన్నె వైపే చూస్తూ. "ఆయన వస్తాంటే కాగితం వస్తాండాదిరా అనేవాణ్ణి."

కాసేపటికి గుంపు కదిలింది. నోళ్ళు లేచాయి. ఇన్నేళ్ళకైనా వచ్చి ఒప్పుకున్నాడు, అంత గుండె ఎవరికుంటుంది అని ఒకరు. ఎప్పటి మాటో, చేసినాయన ముసలోడైపోయినాడు, పోనీలే అని ఇంకొకరు. చూస్తుండగానే అందరి ముఖాలూ రోడ్డు పక్కకు తిరిగాయి.

"తిరుమలమ్మా, మన్నించినానని ఒక మాట అనెయ్యి తల్లీ. పొయ్యే ప్రాణం. ఆయప్ప అంత దూరం నించి వచ్చినాడు."

ఆమె కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటోంది.

"నోటిమాటే కదమ్మా. నీ సొమ్మేం పోతాది?"

"అంత రాతిగుండె పనికిరాదు, ఆడమనిషికి."

మునికుమార్ ముందుకు అడుగేశాడు. వాడి కంటే ముందు నబీసాబు గుంజ వదిలేసి వచ్చి గుంపుకూ ఆమెకూ మధ్య నిలబడ్డాడు.

"ఆయమ్మను అడగొద్దండప్పా!"

అంత గొంతు తనలో ఉందని ఆయనకే తెలియదు. దగ్గు వచ్చింది. తమాయించుకున్నాడు.

"నేను ఇరవై రెండేండ్లు దాసిపెట్టుకోని, ఒక్క పూటలో వదిలెయ్యమంటే ఎట్లొదుల్తాది? ఆయమ్మ వదిలితే వదిలె, లేకుంటే లేదు. వదలకపోతే నేను అల్లా ముందర ఆయప్పకు ఎదురుగా నిలబడతా. నిలబడాల్సిందే. మీరు చెయ్యాల్సింది ఒకటుండాది. ఇంక ఆయప్పను ఆ కాగితం పేరు పెట్టి పిలవొద్దండి. అంతే."

మాఫీ కోసమే తిరిగిన మనిషి ఆ మాట తన నోటితోనే వద్దనేశాక, లోపల ఏదో దిగిపోతుందనుకున్నాడు. ఏమీ దిగలేదు. మునిరత్నం కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. రెండు గ్లాసుల టీ పోసి, మొదటిది తీసుకెళ్ళి తిరుమలమ్మకు ఇచ్చాడు.

*

ఐరాల నుంచి చిత్తూరు బస్సు అప్పుడే లేదని, అది దొరికే పెద్ద రోడ్డు దగ్గర దించుతానని మునికుమార్ ఆయన్ను ఆటోలో ఎక్కించుకున్నాడు. తల్లి ఒక చివర, నబీసాబు ఒక చివర. మామిడి తోటలు దాటాయి. వాటిలో ఒక తోట దగ్గర ఆమె తల తిప్పి, దాటిపోయేదాకా చూసింది. నబీసాబు అడగలేదు.

మలుపులో ఆటో ఆగింది. ఆయన దిగి, ఏం చెప్పి సెలవు తీసుకోవాలో తెలియక కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు.

"సాయిబన్నా," అంది ఆమె. "సచ్చిపోయినోళ్ళు మళ్ళీ లేస్తారని మీరంటారు కదా."

"లేస్తారమ్మా. ఒక పొద్దున అందరూ లేస్తారు."

"మా వాళ్ళు కూడానా?"

"అందరూ అమ్మా. మొదటి మనిషి నించి కడాకరి మనిషి దాకా."

ఆమె ఒళ్ళో చేతుల వంక చూసుకుంది. పువ్వుల రంగు గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది.

"నువ్వు ముందర పోతావు కదా," అంది. ఆ మాటలో కటువు లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. "ఆయన కనిపిస్తే ఒక మాట సెప్తావా?"

నబీసాబు వెంటనే ఊ అనబోయి ఆగాడు. ఇలాంటి మాట మనిషి ఇవ్వవచ్చునో లేదో హజ్రత్‌ను అడగాలేమో. తేలిగ్గా ఇచ్చిన మాటలు చాలు ఈ జన్మకు.

"కనిపించే రాత ఉంటే సెప్తానమ్మా. ఏమని సెప్పాల?"

"నమ్మినాదని సెప్పు."

"నమ్మినాదని సెప్తా."

"ఆలస్యమైపాయనని కూడా సెప్పు. దాసొద్దు."

"దాసను తల్లీ."

చిత్తూరు బస్సు దూరంగా మలుపు తిరిగింది. ఆయన చెయ్యెత్తి, రెండడుగులు వేశాడు. వెనక నుంచి ఆమె మళ్ళీ పిలిచింది.

"తిరుమలమ్మ అంటే ఎవురో అనుకుంటాడు. సిన్నీ అని సెప్పు."

కొడుకు ఆ పేరు పుట్టినప్పటి నుంచీ ఎన్నడూ విన్నవాడు కాదు. హ్యాండిలు మీద చేతులు అలాగే ఉంచి, వెనక్కి తిరిగి తల్లి ముఖంలోకి చూశాడు.